పాత కాగితాల ఖరీదు

టీవీయో ఫ్రిజ్జో వాయిదాల మీద కొనుక్కుందామని ఇరవై ఏళ్ల కిందట దుకాణంలోనే ఒక దరఖాస్తు నింపి, డ్రైవింగ్ లైసెన్సు నంబరు రాసిచ్చినవాళ్లు ఆస్ట్రేలియాలో లెక్కలేనంతమంది. బాకీ ఎప్పుడో తీరిపోయింది, టీవీ ఎప్పుడో మూలపడింది. 2023లో వాళ్లకు లాటిట్యూడ్ ఫైనాన్షియల్ అనే సంస్థ నుంచి కబురు వచ్చింది. మీ వివరాలు దొంగల చేతిలో పడ్డాయని. అసలు ఈ లాటిట్యూడ్ ఎవరని తలగోక్కున్నవాళ్లూ ఉన్నారు. ఎందుకంటే వాళ్లు అప్పు తీసుకున్న రోజుల్లో ఆ కంపెనీకి ఆ పేరే లేదు. అప్పట్లో అది జీఈ మనీ. చేతులు మారి, 2015లో పేరు మారింది. పేరైతే మారింది గానీ పాత దరఖాస్తులు మాత్రం భద్రంగా వెంట వచ్చాయి.

ఆ చోరీలో పోయినవి మొత్తం 1.4 కోట్ల రికార్డులు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దేశాల డ్రైవింగ్ లైసెన్సు నంబర్లే 79 లక్షలు. ఇవి కాక మరో 61 లక్షల రికార్డులు కనీసం 2005 దాకా వెనక్కి వెళ్తాయని కంపెనీయే ఒప్పుకుంది. వాటిలో నూటికి 94 వంతులు 2013కు ముందు సేకరించినవి. వ్యాపారానికి ఏ మాత్రం పనికిరాని సమాచారం పదేళ్లు, పదిహేనేళ్లు సర్వర్లలో పడి ఉంది. పనికొచ్చింది చివరికి దొంగకే.

ఆస్ట్రేలియా ప్రైవసీ చట్టం గురించి నాలుగైదేళ్లుగా సాగుతున్న రభసంతా విప్పి చూస్తే లోపల కనిపించేది ఈ ఒక్క సంగతే. కంపెనీలు జనం వివరాలు ఎందుకు అడుగుతున్నాయన్న ప్రశ్నకు ఏదో ఒక జవాబు దొరుకుతుంది. పని అయిపోయాక కూడా ఎందుకు దాచుకుంటున్నాయన్నదానికే సరైన జవాబు లేదు. దాచుకోవడానికి ఖర్చు కాదు, తీసేయడానికి అవుతుంది. ఏది ఉంచాలో ఏది తీసేయాలో తేల్చాలంటే మనుషులు కూర్చోవాలి, పాత సాఫ్ట్‌వేరు విప్పాలి, వకీళ్లను అడగాలి. అంతకన్నా మరో డిస్కు కొనడం చవక. నిజానికి అవసరం తీరిన వ్యక్తిగత సమాచారాన్ని ధ్వంసం చేయాలనో, ఎవరిదో పోల్చుకోలేకుండా మార్చాలనో ఆ దేశపు చట్టం ప్రైవేటు కంపెనీలకు ఈ శతాబ్దం మొదట్లోనే చెప్పింది. వినకపోతే ఏమవుతుందో గట్టిగా చెప్పలేదు, అంతే.

ఆ చట్టం పుట్టిందే ఒక గొడవలోంచి. 1985లో బాబ్ హాక్ ప్రభుత్వం పన్ను ఎగవేతను, సంక్షేమ పథకాల్లో మోసాలను అరికట్టాలంటూ ప్రతి పౌరుడికీ ఒక గుర్తింపు కార్డు ఇస్తామంది. దాని పేరు ఆస్ట్రేలియా కార్డు. మొదట్లో జనం తలూపారు. సెనేట్ మాత్రం బిల్లును తిప్పికొట్టింది. దాంతో ప్రభుత్వం పార్లమెంటు ఉభయ సభలనూ రద్దు చేసి 1987 జులైలో ఎన్నికలకు వెళ్లి మళ్లీ గెలిచింది. ఇక కార్డు ఖాయమే అనుకున్నారు. ఈలోగా వీధుల్లో నిరసనలు పెరిగాయి. అప్పుడే ఒక రిటైర్డ్ ప్రభుత్వోద్యోగి బిల్లును తీరిగ్గా చదివి అందులో ఒక కంత కనిపెట్టాడు. చట్టం అమల్లోకి రావాలంటే కొన్ని నిబంధనలు జారీ కావాలి, ఆ నిబంధనలను కొట్టేసే అధికారం సెనేట్‌కు ఉంది. సెనేట్‌లో మెజారిటీ ప్రతిపక్షాలదే. రెండు సభలను రద్దు చేసి, ఎన్నికలు గెలిచి కూడా ప్రభుత్వం ఆ కార్డును అటకెక్కించింది. పన్ను ఫైలు నంబరు వాడకాన్ని విస్తరించి అంతటితో సరిపెట్టుకుంది. జనానికి భరోసాగా 1988లో ప్రైవసీ చట్టం తెచ్చింది.

అంటే ఆ చట్టం మొదట కట్టడి చేసింది ప్రభుత్వ శాఖలనే. ప్రైవేటు రంగం దాని కిందకు వచ్చింది 2001 డిసెంబరులో. అదీ సగం సగంగా. ఏడాది టర్నోవరు 30 లక్షల డాలర్లు దాటని వ్యాపారాలకు, ఆరోగ్య సేవల వంటి కొన్నింటిని మినహాయించి, చట్టం వర్తించదన్నారు. రాజకీయ పార్టీలకూ వర్తించదన్నారు. డేటా పోతే బాధితులకు చెప్పి తీరాలన్న నిబంధన వచ్చింది 2018 ఫిబ్రవరిలో. ఇంకోమాట గుర్తుంచుకోవాలి. మన రాజ్యాంగంలో ఉన్నట్టు ఆస్ట్రేలియా రాజ్యాంగంలో ప్రాథమిక హక్కుల అధ్యాయం లేదు. అక్కడ గోప్యతకు చట్టం ఎంత చెబితే అంతే దక్కుతుంది.

అలా నెమ్మదిగా నడుస్తున్న బండిని 2022 సెప్టెంబరు, అక్టోబరు నెలలు కుదిపేశాయి. సెప్టెంబరు 22న ఆప్టస్ అనే టెలికాం కంపెనీ తన కస్టమర్ల డేటా పోయిందని ప్రకటించింది. 95 లక్షల మంది! దేశ జనాభాయే అప్పటికి సుమారు 2.6 కోట్లు. పేర్లు, పుట్టిన తేదీలు, చిరునామాలతో పాటు లక్షల మంది పాస్‌పోర్టు, లైసెన్సు, మెడికేర్ కార్డుల నంబర్లు పోయాయి. బాధితుల్లో ఆప్టస్‌ను ఎప్పుడో వదిలి వేరే కంపెనీకి వెళ్లిపోయినవాళ్లూ ఉన్నారు. పది లక్షల డాలర్లు అడిగిన హ్యాకరు, పదివేల మంది వివరాలు బయటపెట్టి, ఆ తర్వాత ఏమనుకున్నాడో ఏమో క్షమాపణ చెప్పి మాయమయ్యాడు. బయటపడ్డ ఆ కాస్త డేటాను పట్టుకుని సిడ్నీలో ఒక పందొమ్మిదేళ్ల కుర్రాడు, రెండు వేల డాలర్లు పంపకపోతే మీ సంగతి చూస్తానంటూ 93 మందికి మెసేజులు పెట్టి దొరికిపోయాడు.

మూడు వారాలు తిరగకుండానే మెడిబ్యాంక్ వంతు వచ్చింది. అది ఆరోగ్య బీమా సంస్థ. పాత, కొత్త కస్టమర్లు కలిపి 97 లక్షల మంది సమాచారం పోయింది. ఫోను నంబరు పోతే మార్చుకోవచ్చు. ఏ జబ్బుకు ఏ ఆసుపత్రిలో చేరారో బయటికి పొక్కితే మార్చుకునేదేమీ ఉండదు. దొంగలు సుమారు కోటి అమెరికన్ డాలర్లు అడిగారు. ఇవ్వనని కంపెనీ నవంబరులో తేల్చి చెప్పింది. డబ్బిచ్చినా డేటా తుడిచేస్తారన్న నమ్మకం లేదని నిపుణులు చెప్పిన మాటే అందుకు కారణం. ఒకటి రెండు రోజుల్లోనే దొంగలు ఆ డేటాను డార్క్‌వెబ్‌లో ముక్కలు ముక్కలుగా వేయడం మొదలుపెట్టారు. గర్భస్రావం చేయించుకున్నవాళ్లది ఒక ఫైలు, మాదకద్రవ్యాల అలవాటుకు చికిత్స పొందినవాళ్లది ఇంకొకటి.

ఇంత పెద్ద సంస్థలోకి దొంగ దూరిన దారి ఏమిటి? ప్రైవసీ నియంత్రణ సంస్థ 2024 జూన్‌లో ఫెడరల్ కోర్టులో దాఖలు చేసిన దావాలో చేసిన ఆరోపణ ఇది. మెడిబ్యాంక్‌కు ఐటీ సేవలందించే కాంట్రాక్టరు దగ్గర పనిచేసే ఒక ఉద్యోగి ఆఫీసు కంప్యూటరులోని బ్రౌజరులో సొంత ప్రొఫైలుతో లాగిన్ అయి, మెడిబ్యాంక్ పాస్‌వర్డును అందులో సేవ్ చేసుకున్నాడు. అది ఇంట్లోని కంప్యూటరుకూ చేరింది. ఆ కంప్యూటరులో దొంగ సాఫ్ట్‌వేరు ఉంది. బయటి నుంచి మెడిబ్యాంక్ నెట్‌వర్కులోకి రావడానికి ఆ పాస్‌వర్డు ఒక్కటే సరిపోయింది. మన దగ్గర వెయ్యి రూపాయలు పంపాలన్నా అడిగే ఓటీపీ లాంటి రెండో తాళం అక్కడ లేదు. వ్యవస్థ 2022 ఆగస్టులోనే ప్రమాద హెచ్చరికలు పంపినా సరిగా పట్టించుకున్నవాళ్లు లేరన్నది మరో ఆరోపణ. ఆప్టస్ మీద కూడా 2025 ఆగస్టులో దావా పడింది.

ఈ రెండు దెబ్బల తర్వాత పార్లమెంటు చురుగ్గా కదిలింది. అంతవరకు గరిష్ఠ జరిమానా 22.2 లక్షల డాలర్లు. పెద్ద కంపెనీకి అది ప్రకటనల ఖర్చులో ఒక మూలకు రాదు. 2022 డిసెంబరు నుంచి లెక్క మారింది. 5 కోట్ల డాలర్లు, తప్పు వల్ల దక్కిన లాభానికి మూడు రెట్లు, ఆ కాలపు టర్నోవరులో 30 శాతం, ఈ మూడింటిలో ఏది ఎక్కువైతే అది. పాత కేసులకు మాత్రం పాత రేటే. కాకపోతే నియంత్రణ సంస్థ అక్కడా ఒక చిత్రమైన వాదన పెట్టింది. ఒక్కొక్క బాధితుడి విషయంలో జరిగింది ఒక్కొక్క ఉల్లంఘన అని. ఆప్టస్ కేసులో 95 లక్షలను 22.2 లక్షల డాలర్లతో గుణిస్తే వచ్చే అంకె ఆ దేశపు జాతీయోత్పత్తిని కూడా దాటేస్తుంది. అంత జరిమానా పడుతుందని ఎవరూ అనుకోవడం లేదు, అడుగుతున్నవాళ్లతో సహా.

నిజంగా ఎంత పడుతుందన్నదానికి మొదటి ఆధారం 2025 అక్టోబరులో దొరికింది. ఆస్ట్రేలియన్ క్లినికల్ ల్యాబ్స్ అనే రోగనిర్ధారణ సంస్థకు ఫెడరల్ కోర్టు 58 లక్షల డాలర్ల జరిమానా వేసింది. మన లెక్కలో ముప్పై కోట్ల రూపాయల పైమాటే. ప్రైవసీ చట్టం కింద కోర్టు వేసిన మొట్టమొదటి సివిల్ జరిమానా అది. చట్టం పుట్టిన ముప్పై ఏడేళ్లకు! కథ వింటే జాలి కూడా కలగదు. 2021 డిసెంబరులో ఆ సంస్థ మెడ్‌ల్యాబ్ అనే మరో ల్యాబును కొన్నది. రెండు నెలలకే మెడ్‌ల్యాబ్ కంప్యూటర్లలోకి రాన్సమ్‌వేర్ దొంగలు దూరారు. 2.23 లక్షల మందికి పైగా ప్రజల ఆరోగ్య వివరాలు, క్రెడిట్ కార్డు వివరాలు పోయాయి. ప్రభుత్వ సైబర్ భద్రతా కేంద్రం మార్చిలో ఆరా తీసింది, జూన్‌లో డార్క్‌వెబ్‌లో డేటా కనపడుతోందని చెప్పింది. కంపెనీ నియంత్రణ సంస్థకు అధికారికంగా తెలిపింది జులైలో. జరిమానాలో 42 లక్షల డాలర్లు భద్రత గాలికొదిలినందుకు, 8 లక్షలు ఏం జరిగిందో సరిగా తేల్చుకోనందుకు, మరో 8 లక్షలు చెప్పడంలో ఆలస్యం చేసినందుకు. ఆ ఆఖరి అంకె ఆసక్తికరం. నోరు విప్పకపోవడానికి విడిగా ధర కట్టారు.

జరిమానా సర్కారు ఖజానాకు వెళ్తుంది. బాధితుడికేం దక్కుతుందన్న ప్రశ్న మిగిలే ఉంది. దానికి జవాబు వెతకాలంటే 1937 నాటి సిడ్నీకి వెళ్లాలి.

అక్కడ విక్టోరియా పార్కు అనే గుర్రప్పందేల మైదానం ఉండేది. దాని పక్కనే టేలర్ అనే ఆయన ఇల్లు. టేలర్ తన ఇంటి ముందు చెక్కలతో ఒక ఎత్తయిన మంచె కట్టించాడు. పందెం రోజుల్లో ఆ మంచె మీద ఒక వ్యాఖ్యాత నిలబడి, గోడ మీదుగా చూస్తూ, ఏ గుర్రం ముందుందో, బోర్డు మీద ఏ ధర రాశారో టెలిఫోనులో చెప్పేవాడు. 2యూడబ్ల్యూ అనే రేడియో స్టేషను అది ప్రసారం చేసేది. టికెట్టు కొనకుండా ఇంట్లో కూర్చుని జనం పందేలు వినసాగారు. మైదానం వాళ్ల ఆదాయం పడిపోయింది. కోర్టుకెక్కారు. దేశపు అత్యున్నత న్యాయస్థానమైన హైకోర్టు ముగ్గురికి ఇద్దరి తేడాతో వాళ్ల దావా కొట్టేసింది. తన స్థలంలో నిలబడి కంటికి కనపడింది చూడటం, చూసింది చెప్పడం తప్పు కాదంది.

గుర్రప్పందేల ఆదాయం కోసం నడిచిన ఆ వ్యాజ్యం, తర్వాతి తరాల వకీళ్ల చేతుల్లో వేరే అర్థం తెచ్చుకుంది. ఆస్ట్రేలియాలో గోప్యత పోయిందని దావా వేసే హక్కే లేదన్నదానికి అదే ఆధారమైంది. అరవై ఏళ్లు దాటాక, 2001లో, ఆ అడ్డు కాస్త కదిలింది. టాస్మేనియాలో పోసమ్ అనే జంతువుల మాంసం తయారయ్యే చోట జంతు ప్రేమికులు రహస్య కెమెరాలు పెట్టారు. ఆ దృశ్యాలు జాతీయ ప్రసార సంస్థ ఏబీసీ చేతికి వచ్చాయి. ఆ కేసులో ప్రసారాన్ని ఆపడానికి ఒప్పుకోకపోయినా, కొత్త హక్కు రూపుదిద్దుకోవడానికి 1937 తీర్పు అడ్డు కాదని హైకోర్టు అన్నది. తలుపు తెరిచింది గానీ లోపలికి వెళ్లలేదు. 2014లో లా రిఫార్మ్ కమిషన్ చట్టం చేయమని సిఫారసు చేసింది. అది మరో పదేళ్లు బీరువాలో పడి ఉంది.

చివరికి 2024 నవంబరులో పార్లమెంటు ఆమోదించిన సవరణ చట్టంతో ఆ హక్కు వచ్చింది. 2025 జూన్ 10 నుంచి అమలు. ఒకరి ఏకాంతంలోకి చొరబడినా, వారి సమాచారాన్ని దుర్వినియోగం చేసినా, అది తీవ్రమైనదైతే, కావాలనో తెగించో చేసినదైతే, బాధితుడు నేరుగా కోర్టుకు వెళ్లవచ్చు. నష్టం జరిగిందని రుజువు చేయనక్కర్లేదు. మానసిక క్షోభ వంటివాటికి కోర్టు ఇచ్చే పరిహారానికి చట్టం 4,78,550 డాలర్లను గీతగా పెట్టింది. పరువునష్టం కేసుల గరిష్ఠ మొత్తం అంతకన్నా పెరిగితే ఈ గీతా దానితోపాటే జరుగుతుంది. పాత్రికేయులకు, పోలీసులకు, పద్దెనిమిదేళ్ల లోపువారికి మినహాయింపు ఉంది. బాత్రూములో కెమెరా పెట్టినవాడిమీద, విడిపోయాక మాజీ భార్య ఫోటోలు బయటపెట్టినవాడిమీద ఇది పదునైన ఆయుధమే.

కానీ ఇక్కడొక మెలిక ఉంది. ఈ సంస్కరణలన్నిటికీ ఊపునిచ్చింది ఆప్టస్, మెడిబ్యాంక్ చోరీలు. అక్కడ కంపెనీల మీద ఉన్న ఆరోపణ అజాగ్రత్త. కొత్త హక్కు అజాగ్రత్తకు వర్తించదు. ఎవరి కన్నీళ్లు చూపించి చట్టం తెచ్చారో వాళ్లకే అది పెద్దగా అక్కరకు రాదు. ప్రైవసీ చట్టాన్ని ఉల్లంఘించిన కంపెనీమీద వ్యక్తులే నేరుగా దావా వేసే వీలు కల్పించాలన్న ప్రతిపాదన విడిగా ఉంది. దానికి ప్రభుత్వం చెప్పిన జవాబు ‘సూత్రప్రాయంగా అంగీకరిస్తున్నాం’ అని. ఆ మాటను ఆ దేశంలో చాలా ఉదారంగా వాడారు. ప్రైవసీ చట్టం మీద 2023 ఫిబ్రవరిలో వచ్చిన సమీక్షా నివేదికలో 116 ప్రతిపాదనలుంటే, ప్రభుత్వం 38 ఒప్పుకుంది, 68 సూత్రప్రాయంగా ఒప్పుకుంది, 10 విన్నామంది. 2024 చట్టంలోకి వచ్చినవి ప్రధానంగా ఆ 38లోవి. మిగతావి రెండో విడతలో అన్నారు.

ఆ చట్టంలో వచ్చిన మరికొన్ని సంగతులు చెప్పుకోదగ్గవే. ఒకరి చిరునామా, ఫోను నంబరు వంటివి వేధింపు కోసం బయటపెడితే ఆరేళ్ల వరకు జైలు, జాతి, మతం వంటి కారణంతో ఒక వర్గాన్ని గురిపెడితే ఏడేళ్ల వరకు. పిల్లల కోసం ప్రత్యేక ఆన్‌లైన్ ప్రైవసీ నియమావళి 2026 డిసెంబరు 10 లోగా రావాలి. మనుషుల బతుకుల మీద గట్టి ప్రభావం చూపే నిర్ణయాలు కంప్యూటరు ప్రోగ్రాముతో తీసుకునే సంస్థలు ఆ సంగతిని తమ ప్రైవసీ విధానంలో అదే రోజు నుంచి రాయాలి. ఈ చివరిదాని వెనక రోబోడెట్ అనే చేదు జ్ఞాపకం ఉంది. సంక్షేమ పథకాల లబ్ధిదారుల ఏడాది ఆదాయాన్ని సగటు చేసి, లేని బాకీలు సృష్టించి, లక్షల మంది పేదలకు నోటీసులు పంపిన ప్రభుత్వ కంప్యూటరు పథకమది. 2019లో ఆగింది. 2023లో రాయల్ కమిషన్ దాన్ని చీల్చి చెండాడింది.

కార్యాలయాల సంగతి అలా ఉంచి, దుకాణాల్లోకి వద్దాం. బన్నింగ్స్ అంటే ఆస్ట్రేలియాలో మేకుల దగ్గర్నుంచి మొక్కల దాకా అమ్మే పెద్ద గొలుసు దుకాణం. న్యూ సౌత్ వేల్స్, విక్టోరియా రాష్ట్రాల్లో 63 దుకాణాల్లో 2018 నుంచి 2021 వరకు వచ్చిన ప్రతి మనిషి ముఖాన్నీ కెమెరా కొలిచింది. దొంగలు, సిబ్బందిమీద చేయిచేసుకున్నవాళ్ల జాబితాతో పోల్చింది. వినియోగదారుల సంఘం చాయిస్ 2022లో సంగతి బయటపెట్టేదాకా జనానికి తెలియదు. జాబితాలో లేనివారి ముఖాన్ని సగటున 4.17 మిల్లీసెకన్లలో తుడిచేస్తున్నాం కదా, అది సేకరణ ఎలా అవుతుందని కంపెనీ వాదన. కన్ను ఆర్పేలోపు తుడిచినా సేకరణ సేకరణేనని ప్రైవసీ కమిషనర్ కార్లీ కైండ్ 2024 నవంబరులో తేల్చారు. కంపెనీ ట్రైబ్యునల్‌కు వెళ్లింది. కొన్న సరుకు వెనక్కిచ్చి మోసంగా డబ్బు తీసుకుంటున్నారంటూ కేమార్ట్ దుకాణాలు 28 చోట్ల ఇలాంటి పనే చేశాయి. 2025 సెప్టెంబరులో వాటికీ తప్పేనని చెప్పారు. ఇక్కడ ఇరుపక్షాల మాటలోనూ బరువుంది. కౌంటరు దగ్గర కత్తి చూపించిన మనిషి మళ్లీ వస్తే ముందే తెలియాలని ఉద్యోగి కోరుకోవడంలో తప్పులేదు. ఒక్క దొంగ కోసం మేకులు కొనడానికొచ్చిన వెయ్యిమంది ముఖాలు కొలవడం ఎంతవరకు సబబన్నదే తగాదా.

ఫేస్‌బుక్ కథ ఇంకోలా ఉంటుంది. ఫేస్‌బుక్ వాడేవాళ్ల సమాచారాన్ని రాజకీయ ప్రచారాల కోసం కూడబెట్టిన కేంబ్రిడ్జ్ అనలిటికా అనే సంస్థ వ్యవహారంలో, మీ స్వభావం చెబుతామనే ఒక క్విజ్ ఆప్‌ను ఆస్ట్రేలియాలో పెట్టుకున్నది 53 మంది. ఎక్కడైనా ఆ ఆప్ పెట్టుకున్నవాళ్లకు ఫేస్‌బుక్‌లో స్నేహితులైనవాళ్లతో కలిపి, అక్కడ సమాచారం బయటపడే ప్రమాదంలో పడింది 3,11,127 మంది. నాలుగేళ్ల పైచిలుకు వ్యాజ్యం తర్వాత 2024 డిసెంబరులో ఫేస్‌బుక్ యజమాని సంస్థ మెటా 5 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుని రాజీపడింది.

ఇన్ని జరుగుతుండగానే అదే పార్లమెంటు పదహారేళ్ల లోపు పిల్లలకు సోషల్ మీడియా ఖాతాలు ఉండకూడదని చట్టం చేసింది. 2025 డిసెంబరు 10 నుంచి అమలైంది. ఉల్లంఘించే కంపెనీలకు 4.95 కోట్ల డాలర్ల దాకా జరిమానా. పిల్లల మేలు కోసమే కావచ్చు, కానీ పదహారు నిండలేదని తేల్చాలంటే నిండినవాళ్ల వయసూ తేల్చాలి కదా. సెల్ఫీయో, గుర్తింపు కార్డో, ఏదో ఒకటి అడగాలి. చట్టం చేసినవాళ్లకు ఈ సంగతి తెలుసు. అందుకే ప్రభుత్వ గుర్తింపు పత్రం ఒక్కటే మార్గమని కంపెనీలు పట్టుపట్టకూడదని, వయసు కోసం తీసుకున్న సమాచారాన్ని పని కాగానే ధ్వంసం చేయాలని రాశారు. చట్టం అమలుకు రెండు నెలల ముందే డిస్కార్డ్ అనే వేదికకు సేవలందించే ఒక బయటి సంస్థ నుంచి ప్రపంచవ్యాప్తంగా దాదాపు 70 వేల మంది గుర్తింపు పత్రాల ఫోటోలు పోయాయి. వయసు రుజువు చేసుకోవడానికి జనం పంపిన పత్రాలవి.

ప్రభుత్వం ఒక చేత్తో తుడిచేయమంటూ ఇంకో చేత్తో దాచమంటుందన్న కంపెనీల ఫిర్యాదు కూడా పూర్తిగా అబద్ధం కాదు. ఎవరు ఎవరికి ఎప్పుడు ఫోను చేశారన్న వివరాలను టెలికాం సంస్థలు రెండేళ్లు ఉంచి తీరాలని 2015లో చట్టం చేసింది ఆ పార్లమెంటే. మనీలాండరింగ్ చట్టాలు బ్యాంకుల చేత ఏళ్ల తరబడి పత్రాలు దాయిస్తాయి. తన సమాచారాన్ని తుడిచేయమని అడిగే హక్కు పౌరుడికి ఇవ్వాలన్న ప్రతిపాదన ‘సూత్రప్రాయం’ జాబితాలోనే ఉండగా, 2025 ఆగస్టులో ప్రభుత్వ సలహా సంస్థ ప్రొడక్టివిటీ కమిషన్ తన మధ్యంతర నివేదికలో అసలు ఆ హక్కే వద్దని సూచించింది. వ్యాపారాలకు భారమన్నది దాని వాదన. లాటిట్యూడ్ ఉత్తరం అందుకున్నవాళ్ల భారాన్ని ఏ తక్కెడలో వేశారో మరి.

మన దేశంలో పునాది వేరు. 2017లో పుట్టస్వామి తీర్పుతో సుప్రీంకోర్టు గోప్యతను ప్రాథమిక హక్కుగా నిలబెట్టింది. హక్కు ముందు వచ్చింది, చట్టం ఆరేళ్ల తర్వాత 2023లో వచ్చింది, దాని నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి. దాచుకోవడం విషయంలో మాత్రం మన నిబంధనలు ఆస్ట్రేలియా కన్నా సూటిగా ఉన్నాయి. దేశంలో రెండు కోట్ల మందికి తగ్గని వినియోగదారులున్న ఈ-కామర్స్, సోషల్ మీడియా సంస్థలు, మూడేళ్లు ఖాతా వంక చూడని మనిషి డేటాను, 48 గంటల ముందు కబురు చేసి, తీసేయాలి. అటు చూస్తే, తప్పు చేసిన సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా వేసే వీలున్న మన చట్టంలో నష్టపోయిన మనిషికి పరిహారమనే మాట లేదు.

ఆస్ట్రేలియా చట్టం హైదరాబాద్ దాకా వస్తుంది కూడా. ఆ దేశపు కంపెనీ తన కస్టమర్ల డేటాను విదేశంలోని సంస్థకు అప్పగిస్తే, అక్కడ జరిగిన పొరపాటుకు కూడా సాధారణంగా ఆ ఆస్ట్రేలియా కంపెనీయే జవాబు చెప్పుకోవాలి. అందుకే ఆస్ట్రేలియా క్లయింట్లకు పనిచేసే ఐటీ కంపెనీలకు వచ్చే ఒప్పందాల్లో డేటా భద్రత షరతులు అంత పొడుగ్గా ఉంటాయి. 2025 జులైలో బయటపడ్డ చోరీలో క్వాంటాస్ విమాన సంస్థకు చెందిన 57 లక్షల మంది వివరాలు పోయింది కాల్ సెంటరు వాడే ఒక బయటి వేదిక నుంచే. డేటా రక్షణ చట్టాలు ఆస్ట్రేలియా చట్టంతో సరితూగే దేశాల జాబితా ఒకటి తయారుచేసి, వాటికి డేటా పంపడాన్ని సులువు చేసే అధికారాన్ని 2024 సవరణ ప్రభుత్వానికి ఇచ్చింది. ఆ జాబితాలో ఎవరెవరుంటారన్నది ఇక్కడి కంపెనీలకూ వ్యాపారపరంగా ముఖ్యమే.

ఇక చట్టానికి అందకుండా మిగిలిన చోట్లు. రాజకీయ పార్టీలకు మినహాయింపు అలాగే ఉంది. 2025 ఎన్నికల్లో కోటీశ్వరుడు క్లైవ్ పామర్ పార్టీ నుంచి అడగకుండానే వచ్చిన మెసేజులతో జనం విసిగిపోయారు. ఆపండి అని జవాబివ్వడానికి కూడా దారి లేదు. తమకు తాము పెట్టుకున్న మినహాయింపును తీసేయడానికి పార్టీలకు తొందరేమీ లేదు.

చిన్న వ్యాపారాల మినహాయింపు అంతకన్నా పెద్ద కంత. దేశంలోని వ్యాపారాల్లో అత్యధిక భాగం ఆ 30 లక్షల డాలర్ల గీతకు దిగువనే ఉంటాయి. చాలా ఊళ్లలో ఇళ్లు అద్దెకిప్పించే ఏజెన్సీలూ అందులో ఉన్నాయి. మెల్‌బోర్న్‌లోనో సిడ్నీలోనో దిగిన తెలుగు విద్యార్థికి మొదటి పరీక్ష యూనివర్సిటీలో కాదు, అద్దె ఇంటి దరఖాస్తులో. పాస్‌పోర్టుకు 70 పాయింట్లు, లైసెన్సుకు 40, ఇలా కూడి నూరు పాయింట్ల గుర్తింపు చూపించాలి. బ్యాంకు స్టేట్‌మెంట్లు, జీతం చీటీలు, పాత యజమాని ఫోను నంబరు అన్నీ అప్‌లోడు చేయాలి. ఇల్లు దొరికేదాకా అలాంటి దరఖాస్తులు పది చోట్ల పెడతాడు. దొరికేది ఒక ఇల్లు. మిగతా తొమ్మిది చోట్లా ఆ పత్రాలు ఉండిపోతాయి.

మనీలాండరింగ్ చట్టం సవరణలతో 2026 జులై 1 నుంచి రియల్ ఎస్టేట్ ఏజెంట్లు కూడా కస్టమర్ల గుర్తింపు తనిఖీ చేయాల్సి ఉంటుంది. అందుకోసం సేకరించే సమాచారం మేరకు, ఎంత చిన్న ఏజెన్సీ అయినా ప్రైవసీ చట్టం కిందకు వస్తుంది. అయితే ఆ నిబంధన ఇళ్ల అమ్మకాలు, కొనుగోళ్లకే. అద్దెలకు కాదు.